ఐపీ పెడితే అప్పు తీరినట్టేనా?

ఈ నెల ఎంచుకున్న మూడు ఉత్తరాలూ అప్పులకు సంబంధించినవే. మొదటి ఉత్తరం రాసిన వారి వంటి పరిస్థితి ఎందరో చిరు వ్యాపారులకు ఎదురవుతుంది కనుక దానికి ఎక్కువ చోటు ఇచ్చాము. రాసిన వారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: చీరాలలో పదిహేనేళ్లుగా బట్టల దుకాణం నడుపుతున్నాను. రెండేళ్లుగా బేరాలు పడిపోయి, సరుకు కోసం తెచ్చిన అప్పుల వడ్డీ కట్టడానికే మళ్లీ అప్పు చేయవలసి వచ్చింది. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఏడుగురికి రాసిచ్చిన ప్రామిసరీ నోట్ల మీద 14 లక్షలు, బ్యాంకు వ్యక్తిగత రుణం, క్రెడిట్ కార్డు కలిపి 5 లక్షలు బాకీ ఉంది. వారిలో ఒకరికి సంతకం చేసిన ఖాళీ చెక్కులు కూడా ఇచ్చాను. ఒక నోటుకు మా బావమరిది హామీగా ఉన్నాడు. నాకున్నది 12 లక్షలు పలికే ఇల్లు, దుకాణంలో 3 లక్షల సరుకు. ఇల్లు ముందుగా నా భార్య పేరిట గిఫ్టుగా రిజిస్టరు చేసి, ఆ తర్వాత ఐపీ పెడితే ఎవరూ ఏమీ చేయలేరని తెలిసినవారు చెబుతున్నారు. అలా చేయవచ్చునా?

జవాబు: మీకు చెప్పినవారు మీ మేలు కోరే చెప్పి ఉండవచ్చు గానీ, ఆ సలహాలోని రెండు భాగాలూ ఒకదానినొకటి దెబ్బ తీస్తాయి. ఐపీ పెట్టే ఉద్దేశం ఉంటే ఇల్లు రాసివ్వకూడదు. ఇల్లు రాసిచ్చిన తర్వాత ఐపీ పెడితే దానివల్ల దక్కవలసిన మేలు మీకు దక్కదు.

మన ఊళ్లలో ‘ఐపీ పెట్టాడు’ అనే మాటను ‘అందరి నోట్లో మట్టి కొట్టాడు’ అన్నట్టుగా వాడతారు. నిజానికి ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా దరఖాస్తు, అనే దానికి అది పొట్టి పేరు, అంతే. దానికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది కదా అని అడగవచ్చు. ఆ స్మృతిలో వ్యక్తుల దివాలాకు సంబంధించిన మూడవ భాగాన్ని, కంపెనీల అప్పులకు సొంత హామీ ఇచ్చినవారి విషయంలో తప్ప, అమలులోకి తేలేదు. అందువల్ల మీ వంటి వ్యాపారికి నేటికీ ఆ పాత చట్టమే దిక్కు. దాని ప్రకారం అప్పులు తీర్చలేని స్థితిలో ఉండి, ఆ అప్పులు 500 రూపాయలకు తగ్గకుండా ఉంటే పిటిషన్ వేసుకోవచ్చు. 1920లో అది చెప్పుకోదగ్గ మొత్తం. ఇప్పుడు నలుగురు హోటలులో భోజనానికి కూర్చుంటే సరిపోని మొత్తం. అంకె మాత్రం అలాగే ఉండిపోయింది.

పిటిషన్ వేసినంత మాత్రాన అప్పు పోదు. అప్పు ఇచ్చినవారందరికీ కోర్టు నోటీసులు వెళ్తాయి. వారు వచ్చి అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించిన రోజు నుంచి మీ ఆస్తి మీది కాదు. అది కోర్టుకు గానీ, కోర్టు నియమించిన రిసీవరుకు గానీ దఖలు పడుతుంది. రిసీవరు దానిని అమ్మి, వచ్చిన సొమ్మును బాకీల నిష్పత్తిలో అందరికీ పంచుతాడు. ఆ ప్రకటన వెలువడిన తర్వాతనే, కోర్టు అనుమతి లేకుండా మీ మీద కొత్త దావాలు వేసే వీలు ఎవరికీ ఉండదు. నడుస్తున్న దావాలను నిలిపివేయమని అడిగే వీలు మీకు వస్తుంది. అంటే ఐపీ అనేది ఆస్తిని దాచుకునే మార్గం కాదు, ఉన్నదంతా కోర్టు ముందు పెట్టి, మిగిలిన భారం నుంచి విడుదల కోరే మార్గం.

ఇప్పుడు ఇంటి సంగతి చూద్దాము. ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీ జరిగిన రెండేళ్లలోపు దాఖలైన పిటిషన్ మీద మీరు దివాలాదారుగా తేలితే, ఆ బదిలీని రద్దు చేయించే అధికారం రిసీవరుకు ఉంది. మీ భార్యకు రాసే గిఫ్టు సరిగ్గా ఈ కోవలోకే వస్తుంది. అంతకంటే చిక్కు ఏమిటంటే, అప్పులవారిని ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి బదిలీ చేయడమే చట్టం దృష్టిలో ఒక ‘దివాలా చర్య’. అది జరిగిన మూడు నెలల లోపల అప్పు ఇచ్చినవారే మీ మీద ఐపీ వేయవచ్చు. ఎవరి చేతిలో ఆయుధం లేకుండా చేయాలనుకున్నారో వారికే మీరు ఆయుధం అందించినట్టు అవుతుంది. ఏడుగురిలో దగ్గరివాడని ఒకరికి మాత్రం ముందుగా బాకీ చెల్లించి, ఆ తర్వాత మూడు నెలల్లోపు పిటిషన్ వేస్తే, అతనికి అలా ప్రాధాన్యం ఇవ్వడం కూడా రిసీవరు ముందు నిలవదు. ఆస్తిని దాచినట్టు రుజువైతే ఏడాది వరకు జైలు శిక్ష కూడా ఉంది.

చాలా మంది పట్టించుకోని అసలు ఘట్టం చివరిలో ఉంటుంది. దివాలా ప్రకటనతో పాటు కోర్టు ఒక గడువు ఇస్తుంది. ఆ గడువులో విడుదల కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. చేసుకోకపోతే ప్రకటనే రద్దవుతుంది, అప్పులు మళ్లీ మీ గడప తొక్కుతాయి. విడుదల ఇచ్చేటప్పుడు కోర్టు చూసే వాటిలో ఒకటి, తాకట్టు లేని బాకీలలో రూపాయికి ఎనిమిది అణాలకైనా సరిపడే ఆస్తి ఉన్నదా అన్నది. చట్టంలో అణాల లెక్కే ఉంది మరి; రూపాయికి పదహారు అణాలు. లేకపోతే, ఆ లోటు తన తప్పు వల్ల కాదని దివాలాదారు కోర్టును ఒప్పించాలి; ఒప్పించలేకపోతే పూర్తి విడుదల దొరకదు. మీ లెక్కనే తీసుకోండి. మీరు చెప్పిన ధరల ప్రకారం ఇల్లు, సరుకు కలిపి 15 లక్షలు, అప్పులు 19 లక్షలు; అంటే రూపాయికి పన్నెండున్నర అణాలకు పైగా మీ వద్ద ఉన్నాయి. ఇల్లు తీసేస్తే మిగిలేది 3 లక్షల సరుకు, అంటే రూపాయికి రెండున్నర అణాలు. గౌరవంగా బయటపడగలిగిన మనిషి తన చేతులతోనే తలుపు మూసుకున్నట్టు అవుతుంది. కోర్టు చూసే మరొక అంశం, దివాలాకు ముందు మూడేళ్లలో వ్యాపారానికి తగిన లెక్కల పుస్తకాలు రాశారా అన్నది. మీ చిట్టా, బిల్లు పుస్తకాలు ఎంత అస్తవ్యస్తంగా ఉన్నా పారవేయకుండా భద్రపరచండి.

ఇంట్లో ప్రతిదీ పోతుందన్న భయం కూడా అక్కరలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జప్తు చేయకూడనివి రిసీవరుకూ దఖలు పడవు. కట్టుబట్టలు, వంట పాత్రలు, మంచాలు, పక్కబట్టలు, మత ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయరాని ఆభరణాలు, అంటే తాళిబొట్టు వంటివి, చేతివృత్తివారి పనిముట్లు, జీవిత బీమా సొమ్ము ఆ జాబితాలో ఉన్నాయి. వ్యవసాయదారుడు నివసించే ఇంటికి కూడా రక్షణ ఉంది గానీ, వ్యాపారి అయిన మీ ఇంటికి అది వర్తించదు.

ఐపీ వల్ల తీరనివి రెండు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. మొదటిది, మీరు విడుదలైనా హామీ సంతకం చేసిన మీ బావమరిది విడుదల కాడు. ఆ నోటు మొత్తానికీ అతన్ని పట్టుకుంటారు. రెండవది ఖాళీ చెక్కులు. వాటిని బ్యాంకులో వేసి అవి తిరిగి వస్తే, చెక్కు తీసుకున్నవారు ముప్పై రోజులలోపు నోటీసు ఇస్తారు, అది అందిన పదిహేను రోజులలో మీరు సొమ్ము కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేయవచ్చు. దివాలా పిటిషన్ ఆ కేసును ఆపదు. అటువంటి నోటీసు వస్తే జవాబు ఇవ్వకుండా ఊరుకోవద్దు.

నా అభిప్రాయం అడిగితే, ముందుగా ఏడుగురినీ ఒకచోట కూర్చోబెట్టి, ఆస్తి వివరాలన్నీ కాగితం మీద పెట్టి, ఇల్లు మీరే మంచి ధరకు అమ్మి అందరికీ సమంగా ఇస్తానని చెప్పండి. వేలంలో ఆ ధర రావడం కష్టమని అప్పు ఇచ్చినవారికీ తెలుసు. ఒప్పందం కుదిరితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా, దావా పడకముందే లోక్ అదాలత్‌లో నమోదు చేయించుకోండి. దానికి ఫీజు లేదు, అక్కడ ఇచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. బ్యాంకు బాకీకి కూడా అక్కడే ఒకేసారి పరిష్కారం అడగవచ్చు. ఎవరో ఇద్దరు మొండికేస్తే అప్పుడు ఐపీ వేయండి. కోర్టులో బాకీ రుజువు చేసుకున్నవారిలో సగానికి మించినవారు, మొత్తం విలువలో నాలుగింట మూడు వంతుల మేర, ఒక రాజీ ప్రతిపాదనకు ఒప్పుకుని, కోర్టు ఆమోదిస్తే అది మిగిలినవారినీ కట్టిపడేస్తుంది.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయురాలిని, జీతం 22 వేలు. మావారి శస్త్రచికిత్స కోసం ఒక ఫైనాన్స్ సంస్థలో వ్యక్తిగత రుణం తీసుకున్నాను. మూడు వాయిదాలు ఆగిపోయాయి. రాత్రి తొమ్మిది దాటాక ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చారు. మా ప్రధానోపాధ్యాయురాలికి, మా అక్కకు ఫోన్ చేసి పరువు తీస్తున్నారు. డబ్బు కట్టకపోతే పోలీసులతో అరెస్టు చేయిస్తామంటున్నారు. నిజంగా చేయించగలరా?

జవాబు: చేయించలేరు. వాయిదా కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ బాకీ. వారు కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకున్నా, డబ్బు డిక్రీ అమలు కోసం స్త్రీని అరెస్టు చేయడాన్ని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ స్పష్టంగా నిషేధించింది. డిక్రీ వస్తే జీతాన్ని జప్తు చేయవచ్చు గానీ, అందులోనూ మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోరాదు. మీ 22 వేల జీతం మీద నెలకు 7 వేలకు మించి జప్తు కుదరదు. అదీ ఒక డిక్రీకి మొత్తం 24 నెలలకు మించి సాగదు.

ఇక ఆ మనుషుల ప్రవర్తన. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటల లోపు, సాయంత్రం 7 గంటల తర్వాత బాకీ కోసం ఫోన్ చేయరాదు, బెదిరించరాదు, రుణం తీసుకున్నవారి కుటుంబ సభ్యుల, స్నేహితుల ఏకాంతంలోకి చొరబడరాదు, నలుగురిలో అవమానించరాదు. ఏజెంట్లు చేసిన పనికి సంస్థదే బాధ్యత. వచ్చినవారి గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికార పత్రం చూపించమని అడగండి. ఫోన్ వచ్చిన సమయాలు, నంబర్లు, సందేశాలు తేదీల వారీగా భద్రపరచి, మీ ప్రధానోపాధ్యాయురాలికి, మీ అక్కకు వచ్చిన ఫోన్ల వివరాలు కూడా చేర్చి, సంస్థ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇంటికి వచ్చి బెదిరించినందుకు పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వడానికి మాత్రం ఆ ముప్పై రోజులు ఆగనవసరం లేదు.

అదే ఉత్తరంలో, వేధింపు సంగతితో కలపకుండా వేరే పేరాలో, వాయిదాలను తగ్గించి గడువు పెంచమని కూడా అడగండి. ఫిర్యాదు చేసినంత మాత్రాన బాకీ పోదు కనుక రెండు పనులూ సమాంతరంగా నడవాలి. ‘సెటిల్‌మెంట్’ పేరుతో కొంత తగ్గిస్తామంటే, సంస్థ నుంచి ఆ మేరకు ఉత్తరం చేతికి వచ్చాకే డబ్బు కట్టండి, ఏజెంటు చేతికి కాకుండా రుణ ఖాతాకే కట్టండి. అలా తగ్గించి కట్టిన రుణం మీ క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని నమోదై, తర్వాత ఇంటి రుణం వంటివి అడిగినప్పుడు అడ్డు పడే అవకాశం ఉందని గుర్తుంచుకుని నిర్ణయించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు 2022 ఆగస్టులో ఒకరి వద్ద 2 లక్షలు తీసుకుని ప్రామిసరీ నోటు రాసి, 2024లో కాలం చేశారు. నోటు మీద చెల్లు, అంటే కొంత సొమ్ము ముట్టినట్టు రాత, ఏదీ లేదు. మూడేళ్లు దాటిపోయాక ఇప్పుడు ఆయన వచ్చి, నా వద్ద వెయ్యి రూపాయలు తీసుకుని నోటు వెనుక చెల్లు రాయమంటున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. సంతకం చేయవచ్చునా?

జవాబు: చేయవద్దు. నోటు మీద దావాకు గడువు మూడేళ్లు. ఆ లోపల దావా పడకపోతే, గడువు దాటాక రాసిన చెల్లు దానిని బతికించదు. కానీ ‘ఈ బాకీ నేను చెల్లిస్తాను’ అని కొత్తగా రాసి సంతకం చేస్తే, మురిగిపోయిన బాకీ కూడా మీ సొంత బాకీగా మారే వీలు కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో ఉంది. మీ ముందు పెట్టే కాగితంలో ఏ వాక్యం ఉంటుందో చెప్పలేము. గడువులోనే దావా పడి ఉన్నా, తండ్రి నుంచి మీకు దక్కిన ఆస్తి మేరకే మీ బాధ్యత. మీ జీతం మీద చేయి వేయలేరు. 2005 సెప్టెంబరులో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించిన తర్వాత చేసిన అప్పుల విషయంలో, కొడుకు అయినందువల్లనే తండ్రి అప్పు తీర్చాలన్న పాత న్యాయాన్ని కోర్టులు అంగీకరించవు.

నాన్నగారి మాట పోకూడదని మీకు అనిపిస్తే అది మీ ఇష్టం. అప్పుడు కూడా చెల్లు రాయకండి. ఇవ్వదలచినది ఒకేసారి బ్యాంకు ద్వారా ఇచ్చి, అసలు నోటును వెనక్కు తీసుకుని, బాకీ పూర్తిగా ముట్టినట్టు ఆయన చేతనే రాయించుకోండి.