ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: ఓవరీలో మళ్లీ సిస్టు, పిల్లల సంగతి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పెళ్లై మూడేళ్లు. ఎడమ ఓవరీలో చాక్లెట్ సిస్టుకు (ఎండోమెట్రియోసిస్ జబ్బు వల్ల పాత రక్తం చేరిన బుడగ) ఇప్పటికి రెండుసార్లు ఆపరేషనైంది. రెండోది రెండు నెలల కిందట, బరంపురంలో, లాపరోస్కోపీ. మొన్న స్కానింగులో అదే వైపు 2.5 సెంటీమీటర్ల బుడగ ఉందన్నారు. మళ్లీ తీయించాలా? పిల్లలు పుడతారా?
– ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: కంగారు పడకండి. నెలనెలా గుడ్డు ఎదిగే బుడగే ఇంచుమించు ఆ సైజుకు వస్తుంది. గుడ్డు విడుదలయ్యాక అందులో కాస్త రక్తం చేరితే స్కానింగులో అచ్చం చాక్లెట్ సిస్టులా కనబడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, నెలసరి మొదలైన 5–7 రోజుల మధ్య మళ్లీ స్కానింగు తీయించండి. చాలావరకు దానంతటదే పోయి ఉంటుంది.

పోకపోయినా, చిన్నదిగా ఉండి, అనుమానించాల్సిన లక్షణాలేవీ స్కానింగులో లేక, నొప్పి కూడా పెట్టకపోతే మూడో ఆపరేషన్‌కు తొందరపడవద్దనే మా మాట. చాక్లెట్ సిస్టు గోడ ఓవరీకి గట్టిగా అతుక్కుని ఉంటుంది. దాన్ని ఒలిచేటప్పుడు పక్కనున్న గుడ్లూ ఊడి వస్తాయి. రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చిన చోట మరికొన్ని పోతాయి. ఒకసారి కోసిన ఓవరీనే మళ్లీ కోస్తే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) దాకా వెళ్లాల్సి వచ్చినా, ముందు సిస్టు తీసి తీరాలన్న నియమం లేదు.

గుడ్ల నిల్వ తెలుసుకోవడానికి ఏఎంహెచ్ రక్తపరీక్ష ఉంది. నెలసరిలో ఏ రోజైనా చేయించుకోవచ్చు. అయితే ఆపరేషనైన మూడు నెలల లోపు చేయిస్తే అంకె ఉన్నదానికంటే తక్కువ వచ్చి ఉత్త పుణ్యానికి భయపెడుతుంది. మీరు ఇంకో నెల ఆగండి. ఒకవేళ తక్కువే వచ్చినా గర్భం రాదని అర్థం కాదు. ఐవీఎఫ్ ఇంజెక్షన్లకు ఎన్ని గుడ్లు రావచ్చో చెప్పే అంచనా అది, అంతే.

మీకు పిల్లలు కావాలి కాబట్టి ఆలస్యం వద్దు. నెలసరి 28 రోజులకొకసారి వస్తుంటే పదో రోజు నుంచి పదహారో రోజు వరకు రోజు విడిచి రోజు కలవండి. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు రోజూ ఇప్పటి నుంచే వేసుకోండి. ఆరు నెలల్లో నిలవకపోతే సంతాన నిపుణులను కలవండి, ఏడాది ఆగడం మీలాంటి వారికి తగదు. ఏ కారణంతోనైనా ప్రయత్నం వాయిదా వేస్తే మాత్రం, డాక్టరు సలహాతో డైనోజెస్ట్ అనే 2 మిల్లీగ్రాముల హార్మోన్ మాత్ర రోజుకొకటి గానీ, గర్భనిరోధక మాత్రలు గానీ వాడాలి. మందూ లేక, ప్రయత్నమూ లేక గడిచే నెలల్లోనే ఈ జబ్బు తిరగబెడుతుంది.

విశాఖ వెళ్లినా, బరంపురం వెళ్లినా డిశ్చార్జి కాగితం ఒక్కటే సరిపోదు. ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. ట్యూబుల్లోకి (గర్భనాళాల్లోకి) రంగు ఎక్కించి చూశారా, అవి తెరుచుకున్నాయా అన్నది ఆ నోట్సులోనే ఉంటుంది. ఉంటే ఇంకో పరీక్ష ఖర్చు తప్పవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి 22. డెర్మాయిడ్ సిస్టుకు (ఓవరీలో జుట్టు, కొవ్వు లాంటివి చేరిన బుడగ) పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. పప్పు తింటే చీము పడుతుందని, నలభై రోజులు మంచం దిగకూడదని అంటున్నారు.
– ఒక తల్లి, రాయగడ

జవాబు: పప్పుకూ చీముకూ సంబంధం లేదు. గాయం మానడానికి కావలసిందే మాంసకృత్తులు: పప్పు, గుడ్డు, చేప, పెరుగు అన్నీ పెట్టండి. చద్దన్నం అలవాటైతే అదీ పెట్టవచ్చు, కాకపోతే కాచి చల్లార్చిన నీళ్లు పోయండి. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది.

ఇక మంచం సంగతి. కదలకుండా పడుకుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మర్నాటి నుంచే నాలుగడుగులు వేయించాలి. దగ్గు వస్తే పొట్టకు దిండు అదిమి పట్టుకుని దగ్గమనండి. ఆరు వారాల వరకు నీళ్ల బిందె, బియ్యం బస్తా ముట్టనివ్వకండి.

జ్వరం 100.4 దాటినా, కుట్ల దగ్గర ఎర్రబడి రసి కారినా, ఒక కాలు వాచినా, వాంతులై గాలి పోకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ వైపు జ్వరమంటే ముందు మలేరియా గుర్తొస్తుంది. ఆశా కార్యకర్త చేత కిట్‌తో పరీక్ష చేయించండి, తప్పులేదు. కానీ దాని కోసం గాయం చూపించడం ఆపకండి.

పిల్లల విషయంలో బెంగ అక్కర్లేదు. డెర్మాయిడ్ మామూలుగా సులువుగానే ఊడి వస్తుంది, రెండో ఓవరీ ఎలాగూ ఉంది. ఏడాదికోసారి స్కానింగు చేయిస్తే చాలు. ఎప్పుడైనా పొట్టలో ఒక పక్క ఉన్నట్టుండి భరించలేని నొప్పి, దాంతో వాంతులు వస్తే ఓవరీ మెలిక పడిందేమోనని అనుమానించాలి. అప్పుడు గంటలు లెక్క, తెల్లారనిద్దాం అనుకోవద్దు.

ప్రశ్న: ఆపరేషన్ నా భార్యకు జరిగితే వీర్యపరీక్ష నాకెందుకు?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: సంతానం కలగని జంటల్లో మగవారి లోపమూ తరచుగా ఉంటుంది కాబట్టి. ఇది చవకైన పరీక్ష, కోత లేదు. ఆవిడకు ఇంకో ఆపరేషన్ మాట ఎత్తే ముందు మీరు చేయించుకోవాలి. రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి, ల్యాబులోనే నమూనా ఇవ్వండి. ఇంట్లో పట్టి ఘాట్ రోడ్డు మీద బస్సులో రెండు గంటలు తెస్తే కణాలు నీరసించి రిపోర్టు తప్పుగా వస్తుంది. గంట లోపు చేరాలి. లోపం ఉందని వస్తే మూడు నెలలకు మరోసారి చేయించండి. కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, మందు గానీ, మద్యం, గుట్కా మానిన ఫలితం గానీ అప్పుడే తెలుస్తుంది. అదే రోజు ఇద్దరూ సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తం జబ్బు) రక్తపరీక్ష కూడా చేయించుకోండి. మీ జిల్లాలో గర్భానికి ముందే చూసుకోవలసిన విషయం అది.