అమ్మడూ, వాణ్ని కదలొద్దనకు

అమ్మడూ,

నువ్వు పంపిన పిల్లాడి ఫోటోలన్నీ చూశాను, ఒక్కొక్కటీ పెద్దది చేసి మరీ. వాడు చెదిరిపోయి వస్తున్నాడు, కెమెరాలో ఏదో లోపం ఉంది పెద్దమ్మా అన్నావు కదా, లోపమేం లేదు. వివరాలు చూస్తే దాదాపు అన్నీ షట్టర్ (వెలుతురుని లోపలికి రానిచ్చే తలుపు) 1/30 దగ్గర తీసినవే. సెకనులో ముప్పయ్యో వంతంటే చాలా తక్కువ అనిపిస్తుంది గానీ, ఆ కాస్తలోనే మూడేళ్ల పిల్లాడు చెయ్యి బెత్తెడు దూరం జరిపేస్తాడు. వెనకాల పుస్తకాల అర స్పష్టంగా ఉండి వాడొక్కడే అలికేసినట్టు వచ్చాడంటే కదిలింది నీ చెయ్యి కాదు, వాడు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉందిగా అనుకోకు, అది నీ చేతి వణుకు వరకే, వాడి పరుగుని అది ఆపలేదు.

అందుకే ముందు షట్టర్ సంగతి కెమెరాకి వదలకుండా నువ్వే చూసుకో. డయల్‌ని ఎస్ మీద పెట్టు, కేనన్‌లో దాని గుర్తు టీవీ (Tv). కూర్చుని బొమ్మలతో ఆడుకుంటుంటే 1/125 చాలు, ఇల్లంతా పరిగెడుతుంటే 1/250, గెంతులేస్తుంటే 1/500. ఐఎస్ఓని, అంటే ఉన్న వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెని, ఆటోలో ఉంచి, 6400 దాటొద్దని మెనూలో హద్దు పెట్టు.

ఐఎస్ఓ పెరిగితే ఫోటో పాడైపోతుందని నువ్వు భయపడుతున్నావని తెలుసు, నేనూ అలాగే భయపడ్డాను. మా మనవడు తొలి అడుగులు వేసిన సాయంత్రం నాయిస్ (ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు) వస్తుందని 400 దాటనివ్వలేదు, నలభై దాకా తీస్తే ఒక్కదాంట్లో కూడా వాడి ముఖం సరిగ్గా లేదు. ఆ సాయంత్రం మళ్లీ రాదు కదా, ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది. నాయిస్‌ని తర్వాత కంప్యూటర్‌లో చాలావరకు తగ్గించుకోవచ్చు, చెదిరిపోయిన ముఖాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. చీకటిగా తీసి తర్వాత వెలుగు పెంచుదామని కూడా అనుకోకు, అలా చేస్తే నీడల్లో నాయిస్ ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

ఇక వెలుతురు. కిటికీ నుంచి రెండడుగులు లోపలికి వెళ్లినా వెలుతురు ఎంత పడిపోతుందో మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. వాణ్ని కిటికీ దగ్గరికి పిలవకు, రాడు. వాడి బొమ్మల బుట్టనే తీసుకెళ్లి అక్కడ పెట్టు, వాడే వస్తాడు. కిటికీ వాడికి పక్కగానో ఎదురుగానో ఉండాలి, వీపు వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. పగలు గదిలో లైట్లు ఆర్పెయ్, లేకపోతే ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం అవుతుంది. కొన్ని ఎల్ఈడీ బల్బులు మన కంటికి తెలియకుండా మిణుకుతుంటాయి కూడా, షట్టర్ వేగం పెంచగానే ఫోటోలో అడ్డంగా చారలొచ్చేది వాటివల్లే.

కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్‌ని పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది), కాబట్టి జూమ్ మానేసి నువ్వే దగ్గరికి జరుగు. ఎప్పుడైనా ఇంకో లెన్స్ కొంటే ఎఫ్ 1.8 ది తీసుకో, ఆ 5.6 తో పోలిస్తే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికొస్తుంది. అందరూ 50 ఎంఎం లెన్స్ కొనమంటారు గానీ నీ కెమెరాలో ఫోటోని పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి గదిలో గోడకి ఆనుకున్నా వాడు ఫ్రేమ్‌లో పట్టడు, 35 తీసుకో. దాన్ని కూడా మరీ దగ్గర్నుంచి 1.8 లో తీస్తే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసకగా వస్తుంది, 2.8 మేలు.

ఫోకస్‌ని కదిలేవాణ్ని వెంటాడే ఏఎఫ్-సి లో ఉంచు, కేనన్ డీఎస్ఎల్ఆర్ అయితే ఏఐ సర్వో. మామూలు మోడ్‌లో ఫోకస్ ఒకచోట ఆగిపోతుంది, నువ్వు నొక్కేసరికి వాడు ఇంకోచోట ఉంటాడు.

కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ వద్దు, ముఖం మీద సూటిగా కొట్టి వెనకాల నల్లటి నీడ వేస్తుంది. తల తిరిగే ఫ్లాష్ దొరికితే తెల్లటి సీలింగ్ వైపు తిప్పి కొట్టు.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ ఫోటోలు తెచ్చిపెట్టింది నేల మీద పడుకుని ఎదురుచూడటం. మోచేతులు నేలకి ఆనించి, కెమెరా వాడి కళ్ల ఎత్తులో పెట్టి చూడు. మావాడు సోఫా మీంచి దిండ్ల మీదకి దూకేముందు పెదాలు బిగిస్తాడు, మోకాళ్లు వంచుతాడు. ఆ మోకాళ్లు సాగడం మొదలవగానే నొక్కాలి, గాల్లోకి లేచాక నొక్కితే ఆలస్యమైపోతుంది. పైకి లేవడం అయిపోయి కిందికి రావడం మొదలయ్యేలోపు ఒక్క క్షణం ఒళ్లు నిలిచిపోయినట్టుంటుంది, జుట్టు మాత్రం ఇంకా పైకి లేస్తూనే ఉంటుంది. అక్కడ 1/250 తో కూడా స్పష్టంగా వస్తుంది. బర్స్ట్ (నొక్కి ఉంచినంతసేపూ వరసగా తీసేది) పెట్టుకో గానీ మూడు నాలుగు ఫ్రేములకి వేలు తీసెయ్. ఇటు చూడమని మాత్రం పిలవకు, వాడు ఆట ఆపేసి పళ్లు చూపించే నవ్వొకటి నవ్వుతాడు, అది నీకొద్దు.

రేపు పొద్దున వాడు ఆడుకునేటప్పుడు ఒక అరగంట కిటికీ దగ్గర 1/250 తో తియ్యి. బాగున్నవి ఏరకుండా, చెదిరినవాటితో సహా అన్నీ పంపు, చూస్తాను.

మీ పెద్దమ్మ