మేలో జర్మనీ వస్తున్న శాకాహారులకు నా సలహా: ష్పార్గెల్

మే నెలలో హైడల్‌బర్గ్ వైపు వస్తున్నామనీ, గుడ్డు తప్ప మాంసం ముట్టమనీ, బ్రెడ్డూ చీజూ కాకుండా తినడానికి ఏం దొరుకుతుందనీ అడిగారు. సరైన సమయానికే వస్తున్నారు. అది ష్పార్గెల్, అంటే తెల్ల ఆస్పరాగస్ అనే కూరగాయ మొలకల కాలం. ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. ఆనవాయితీగా జూన్ 24న కోత ఆపేస్తారు. ఆపైన మొక్కను ఏపుగా పెరగనిస్తేనే వేళ్లకు బలం పట్టి, మరుసటి ఏడు మళ్లీ మొలకలొస్తాయి.

నేను మొదట తిన్నది హైడల్‌బర్గ్ పక్కనే ఉన్న ష్వెట్జింగెన్‌లో. ఆ ఊరి కోట తోటలో 1668 నాటికే దీన్ని పండించారు. పొలం చూస్తే నాకు తేగల పాతర గుర్తొచ్చింది. మొలకకు వెలుతురు తగలకుండా పొడుగ్గా మట్టి కట్టలు పోస్తారు. వెలుతురు తగిలిందంటే కొన ఊదారంగుకు తిరుగుతుంది. కొన పైకి పొడుచుకు రాకముందే మట్టి తీసి, పొడవాటి కత్తితో ఒక్కొక్కటే కోయాలి. ఈ నడుం విరిగే పని చేసేది ఎక్కువగా రొమేనియా, పోలండ్ల నుంచి వచ్చే కూలీలు. ధర ఎందుకంత అని అడగాలనిపించదు.

హోటళ్లలో ఈ కాలానికి విడిగా మెనూ పెడతారు. ఉడికించిన ష్పార్గెల్, బంగాళాదుంపలు, పైన హాలండేజ్ సాస్. అందులో వెన్న, గుడ్డు సొన ఉంటాయి. పక్కన పంది మాంసం పెట్టడం మామూలే కాబట్టి ముందుగానే "ఓనె షింకెన్" (పంది మాంసం లేకుండా) అనండి. సూప్ మాత్రం అడగకుండా తాగొద్దు, మాంసం ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. నన్నడిగితే సాస్ కన్నా కరిగించిన వెన్నే మేలు. ఆ సన్నటి తీపి, చివర్లో తగిలే చిరుచేదు తెలుస్తాయి.

బసలో వంటగది ఉంటే రోడ్డు పక్క బడ్డీలో కొనండి. రెండు కాడలు ఒకదానికొకటి రుద్దితే కీచుమనాలి, కోసిన చోట తడి ఉండాలి. కొన వదిలేసి కిందదాకా చెక్కు తీయండి, లేకపోతే పీచు నమలలేరు. ఉప్పు, చిటికెడు పంచదార వేసిన నీళ్లలో పావుగంట ఉడికితే చాలు. తొక్కులు పారేయకండి, వాటిని మరిగిస్తే ఆ నీళ్లు సూప్‌కు బాగా పనికొస్తాయి. పోపు, మసాలా జోలికి మాత్రం పోకండి, రుచంతా చచ్చిపోతుంది.

అన్నట్టు, తిన్న కొద్ది గంటలకు మూత్రం అదోలా వాసనొస్తే కంగారుపడి డాక్టర్ దగ్గరికి పరిగెత్తకండి. అది ష్పార్గెల్ పనే.