సైకిల్ రోడ్డు మీదా, ఫుట్‌పాత్ మీదా?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర సైకిల్ మీద పోతున్న మీ అబ్బాయిని ట్రాఫిక్ పోలీసులు ఆపి, "ఫుట్‌పాత్ మీద తొక్కు, లేకుంటే చలానా" అన్నారంటే, బహుశా రాంగ్ సైడ్‌లో వచ్చినందుకే. రోడ్డు మీద తొక్కడం తప్పు కాదు.

1. 1988 మోటారు వాహనాల చట్టం లెక్కలో మామూలు సైకిల్ మోటారు వాహనం కాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అక్కర్లేదు. నంబరు ప్లేటే లేనిదానికి ఈ-చలానా దేని మీద రాస్తారు?

2. ఫుట్‌పాత్ నడిచేవాళ్లది (మన దగ్గర మిర్చి బండ్లది, అది వేరే సంగతి). దిగి నెట్టుకుంటూ పోవచ్చు.

3. చాలామంది తప్పేది ఇక్కడే. నడిచేవాళ్లకు ఎదురొచ్చే బండ్లు కనబడాలని కుడివైపు నడవమంటారు కదా, సైకిల్‌కీ అదే లెక్క అనుకుంటారు. కాదు. సైకిల్ ఎడమ అంచున, బండ్లు పోయే దిశలోనే పోవాలి. యూటర్న్ దూరమని ఎదురెళ్తే, సందులోంచి ఎడమకు తిరిగే ఆటోవాడు కుడివైపే చూస్తుంటాడు. పిల్లాడు ఎడమ నుంచి వస్తాడు. నిర్లక్ష్యంగా తొక్కితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షల చట్టం) సెక్షన్ 281 సైకిల్‌కూ వర్తిస్తుంది.

4. ఎర్ర వలయంలో సైకిల్ బొమ్మ ఉంటే అక్కడ నిషేధం. నీలం గుండ్రంలో ఉంటే అది సైకిళ్ల దారి.

మళ్లీ ఆపితే ఏ సెక్షన్ అని మర్యాదగా అడగమనండి.