సమ్రాట్ యంత్రానికీ వాచీకీ తేడా ఎందుకు?
నమస్కారమండీ. ఫిబ్రవరి మధ్యలో జైపూర్ జంతర్ మంతర్‌లోని సమ్రాట్ యంత్రం అనే పెద్ద నీడగడియారం మీ వాచీ కంటే 40 నిమిషాలు వెనుకబడి కనిపించిందన్నారు. యంత్రం చెడిపోలేదు, మీరు చదివిన తీరూ సరైనదే. 1727లో ఆ నగరానికి పునాది వేసిన సవాయి జైసింగ్ కట్టించిన ఈ 27 మీటర్ల కట్టడం స్థానిక సూర్యసమయాన్ని చూపుతుంది, మన వాచీలేమో భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి. జైపూర్ దానికి సుమారు 6.7 డిగ్రీలు పడమరన ఉంది కనుక, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున దాదాపు 27 నిమిషాలు ఏడాది పొడవునా కలుపుకోవాలి. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, భూమి అక్షం వంగి ఉండడం వల్ల ఫిబ్రవరి మధ్యలో మరో 14 నిమిషాలు చేరతాయి. నవంబరు మొదట్లో 16 నిమిషాలు తగ్గి, తేడా 11 నిమిషాలకు దిగుతుంది. ఈసారి వెళ్తే, నీడ పడే వంపు కొలబద్ద (చాపం) మీద నీడ అంచును కాసేపు చూడండి: సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతూ, కంటికే తెలుస్తుంది.