అల్లుడికి ఉత్తరం: ఆఖరి క్లచ్ పెడల్

ప్లానో, టెక్సస్
12 అక్టోబర్ 2019

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఆదివారం నువ్వు ఫోన్ చేసి, "మావయ్యా, ఇప్పుడున్న షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారు కొనెయ్యనా, కొత్తది వచ్చేదాకా ఆగనా?" అని అడిగినప్పుడు ఇంటినిండా చుట్టాలున్నారు. నోటికొచ్చిన నాలుగు ముక్కలు చెప్పి పెట్టేశాను. తర్వాత మనసొప్పలేదు. నాలుగేళ్లు కూడబెట్టిన డబ్బు నీది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను.

ముందు మీ అమ్మ సంగతి. "రెండు సీట్ల బండి వాడికెందుకురా, రేపు పెళ్లయితే పిల్లాపాపా ఎక్కడ కూర్చుంటారు?" అని అక్క నన్ను నిలదీసింది. నీ పాత క్యామ్రీ అమ్మవని నీ తరఫున మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టు. ఒహాయోలో మీ కొలంబస్ చలికి అది నీకెలాగూ కావాలి. కార్వెట్‌కి వచ్చేవి వేసవి టైర్లు. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగితే ఆ రబ్బరు బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోదు. మంచు, ఉప్పు చల్లిన రోడ్డు మీదికి దాన్ని అసలు తియ్యొద్దు.

ఇక అసలు విషయం. నువ్వు పంపిన పట్టిక చూశాను. సీ7కి, అంటే ఇప్పుడున్న ఏడో తరం కార్వెట్‌కి, 455 హార్స్ పవర్; సీ8కి, అంటే కొత్తగా వచ్చే ఎనిమిదో తరానికి, 490. సీ8 మూడు సెకన్లలోపే అరవై మైళ్ల వేగం అందుకుంటుందని కంపెనీ అంటోంది, సీ7 అక్కడ వెనకబడుతుంది. కొత్తదాని ధర అరవై వేల డాలర్లకు ఐదు డాలర్లు తక్కువ. ఇలా గీతలు గీసి పోలిస్తే ఎప్పుడైనా కొత్తదే గెలుస్తుంది. పాతదాన్ని గెలవాలనేగా వాళ్లు ఏళ్ల తరబడి కష్టపడింది. ఆ పట్టికలో లేని సంగతి ఒకటి నీకు గుర్తుచేస్తాను.

పోయిన వేసవిలో ఇక్కడికొచ్చినప్పుడు నా స్నేహితుడి సీ7 తోలావు. దిగాక వేగం గురించి ఒక్క మాట మాట్లాడలేదు నువ్వు. మూడో గేరులోంచి రెండుకి దించినప్పుడు ఇంజిన్ దానంతటదే రెయిజ్ అయి గేరు వెన్నలా పడిందని, ఇంటికొచ్చేదాకా అదే చెప్పావు. పదో తరగతి అయిపోయిన ఎండాకాలం బావ పాత మారుతి 800లో తెనాలి–గుంటూరు రోడ్డు మీద నీకు గేర్లు నేర్పించింది నేనే. నారాకోడూరు దగ్గర లారీ వెనక బండి ఆగిపోతే నీ కళ్లలో నీళ్లు తిరిగాయి. వారం తిరక్కుండా క్లచ్ నీ కాలికింద బతికినట్టయింది. నీకు బండి అంటే అది. ఎడం కాలు, గేరు మార్చే చెయ్యి కలిసి చేసే పని.

సీ8లో ఆ పని లేదు. గేర్ బాక్స్ ఒక్కటే, ట్రెమెక్ అనే కంపెనీ చేసిన, క్లచ్ పని తానే చూసుకునే ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్. గేరు రాడ్ ఉండాల్సిన చోట మీటలు, స్టీరింగ్ వెనక వేళ్లతో గేరు మార్చే రెండు రెక్కలు. క్లచ్ పెడల్ ఆర్డరిచ్చినా రాదు, డబ్బు పెట్టినా రాదు. చేత్తో గేర్లు మార్చే మాన్యువల్ బండి కొనేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు, ఆ కొద్దిమంది కోసం కొత్త గేర్ బాక్స్ తయారుచేయడం గిట్టుబాటు కాలేదు. వాళ్ల లెక్క వాళ్లకి సరైనదే. కానీ నువ్వు ఆగి తెచ్చుకునేది నీకు నచ్చిన బండికి మెరుగైన రూపం కాదురా, వేరే బండి. వరి వేసినవాడు పంట కోసం ఎదురుచూస్తే అర్థముంది. వరి వేసి చెరుకు కోసం ఎదురుచూస్తే?

కొత్తదాన్ని తక్కువ చేస్తున్నాననుకోకు. జులై 18న కాలిఫోర్నియాలో టస్టిన్‌లో దాన్ని బయటపెట్టిన రాత్రి నేను మేలుకుని చూశాను. ఇంజిన్‌ను డ్రైవరు వెనక్కి తేవాలని జోరా ఆర్కస్-డంటోవ్ అనే ఇంజనీరు 1960లోనే సెర్వ్ అనే ప్రయోగపు బండి చేసి చూపించాడు. ఆయన ఉద్యోగం అయిపోయింది, ఆయనా పోయాడు, అరవై ఏళ్లకు ఆ కోరిక ఇప్పుడు సీ8తో తీరుతోంది. బరువు వెనక చక్రాల మీద పడుతుంది కాబట్టి కదిలేటప్పుడు పట్టు దొరుకుతుంది, అంత తొందరగా అందుకోవడానికి కారణం అదే. ఆ ఇంజనీర్ల మీద నాకు చాలా గౌరవం. ఆ బండి కావాలనిపిస్తే కొనుక్కో, కానీ మొదటి ఏడాది మాత్రం వద్దు.

ఎందుకో చెబుతాను. నీ ఊరి నుంచి ఐదు గంటల దారిలో కెంటకీలో బౌలింగ్ గ్రీన్ ఉంది. కార్వెట్లు 1981 నుంచి అక్కడే తయారవుతున్నాయి, పక్కనే మ్యూజియం. ఎప్పుడైనా వెళ్లు. అందులో తెల్ల కార్వెట్ ఒకటి ఉంది, దాని ముందు కాసేపు నిలబడు. అది 1983 మోడల్. ప్రపంచంలో మిగిలింది అదొక్కటే. పాత సీ3 1982తో ఆపేశారు. కొత్త సీ4 1983కి రావాలి. నాణ్యత తేలక 43 నమూనా బండ్లు చేసి ఒక్కటీ అమ్మలేదు. తర్వాత ఒక్కటి తప్ప మిగతావన్నీ నలగ్గొట్టేశారు. 1983 కార్వెట్ కొందామని 1982లో ఆగినవాళ్లకు ఆ మోడల్ దొరకనే లేదు. 1984 పేరుతో వచ్చినదానికి 205 హార్స్ పవర్. జడ్51 అనే పర్ఫార్మెన్స్ ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు నడుం విరిగినంత పనయింది, అంత గట్టి స్ప్రింగులు. మరుసటి ఏడాదే ఇంధనం చిమ్మే పద్ధతి మార్చి 230 చేశారు, స్ప్రింగులూ మెత్తబరిచారు.

నీ సీ7నే చూడు. 2014లో ఆటోమేటిక్ కొన్నవాళ్లకు ఆరు గేర్లు, 2015లో కొన్నవాళ్లకు ఎనిమిది. ఆ ఎనిమిది గేర్లదాంట్లో వణుకు వస్తోందని చాలామంది మొత్తుకున్నారు, చివరికి ఈ ఏడాది వేరే ఆయిల్ పోసి సరిచేస్తున్నారు. నువ్వు మాన్యువల్ తీసుకుంటావు కాబట్టి నీకు ఆ బాధ లేదు. వెళ్లిపోయే మోడల్‌లో నాకు నచ్చేది ఇదే. దాని జబ్బులూ తెలిసిపోయాయి, మందులూ తెలిసిపోయాయి.

నా అనుభవం కూడా విను, అక్కకు ఇప్పటిదాకా చెప్పలేదు. 2002లో మీ అత్తకు పురిటి నెలలు. కొత్త బండి కావాలి. డీలర్ దగ్గర పాత మోడల్ మూడున్నర వేల డాలర్లు తక్కువకు ఉంది. పక్కనే అప్పుడే వచ్చిన కొత్త రూపం. మెరిసేదానికి సంతకం పెట్టాను. ఏడాదిన్నరలో గేర్ బాక్స్ రెండుసార్లు మార్చారు. మూడోసారి ఐ-35 రోడ్డు పక్కన, ఆగస్టు ఎండలో, చంటిపిల్లతో ముప్పావు గంట నిలబడ్డాం. మీ అత్త ఒక్క మాట అనలేదు, పాప నెత్తిన చున్నీ కప్పి నిలబడింది. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆరేళ్ల తర్వాత మళ్లీ బండి కొనాల్సి వచ్చినప్పుడు ఆఖరి ఏడాది మోడల్ ఏదుందో అడిగి తెచ్చుకున్నాను. దాంట్లోనే ఇవాళ పొద్దున కూడా ఆఫీసుకెళ్లాను.

ఇప్పుడు సమయం సంగతి. కార్వెట్ తయారుచేసే జనరల్ మోటార్స్ (జీఎం) కార్మికులు సెప్టెంబర్ 16 నుంచి సమ్మెలో ఉన్నారు, నాలుగో వారం నడుస్తోంది. బౌలింగ్ గ్రీన్ కూడా మూతపడింది. కొత్తది ఈ ఏడాది చివర్లో మొదలుపెడతామన్నారు, సమ్మె ఎన్నాళ్లు సాగితే అదీ అంత వెనక్కి జరుగుతుంది. దొరికే మొదటి బండ్లకు డీలర్లు స్టిక్కర్ ధర పైన మార్కప్ అని అదనంగా అడుగుతారు. అరవై వేల లోపు అన్న మాట నీలాంటి కుర్రాడికి నిజంగా అందేసరికి ఇంకో రెండేళ్లు పట్టొచ్చు. నీ హెచ్1బి గడువు 2021. కొన్ని బ్యాంకులు వీసా గడువు దాటి లోన్ ఇవ్వవు, ఇప్పుడే అడిగి తెలుసుకో. ఎన్ని నెలల లోన్ అన్నదాన్ని బట్టి నెలకు ఎంత కట్టాలో మారిపోతుంది.

సీ7 దగ్గరికొస్తే మాట మనది. జనం కొత్తదాని బొమ్మ చూశాక పాతది స్థలం తినే సరుకైపోయింది డీలర్లకు. ఒక్క డీలర్‌తోనే మాట్లాడొద్దు. ఒహాయో, ఇండియానా, కెంటకీ, మిషిగన్ అన్నీ వెతుకు. "నెలకి ఎంతైతే కట్టగలరు సార్?" అని అడిగితే జవాబు చెప్పకు. పన్నులు, రిజిస్ట్రేషన్, వాళ్ల కాగితం ఖర్చు అన్నీ కలిపి బయటికి నడిపించుకొచ్చే ధర ఎంత అన్నది ఒక్కటే అడుగు, ఈమెయిల్లో రాయమను. లోన్ నీ క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు)లో ముందే మంజూరు చేయించుకుని వెళ్లు. ఇన్సూరెన్స్ కూడా ఆ బండి వీఐఎన్ (గుర్తింపు) నంబరు ఇచ్చి ముందే అడుగు. ఇరవై ఏడేళ్ల పెళ్లికాని కుర్రాడికి ఈ బండి మీద వాళ్లు చెప్పే అంకె విని మనసు మారితే మారనీ, సంతకం తర్వాత తెలియడం కంటే అదే నయం.

జడ్51 ఉన్నది దొరికితే తీసుకో. గట్టి మలుపుల్లోనూ ఇంజిన్‌కు ఆయిల్ అందించే డ్రై సంప్ వ్యవస్థ, పెద్ద బ్రేకులు, వెనక చక్రాలకు బలం పంచే ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ వస్తాయి. ఇవి తర్వాత విడిగా పెట్టించుకునేవి కావు. పై మోడళ్లు జడ్06, జడ్ఆర్1 వైపు చూడకు. 650, 755 హార్స్ పవర్‌తో కొలంబస్ రోడ్ల మీద నువ్వు చేసేదేమీ లేదు, బీమా మాత్రం గట్టిగా కట్టాలి. రంగు నీ ఇష్టం.

ఒక జాగ్రత్త. యార్డులో చాలాకాలంగా ఉన్న బండి కొత్తదే అయినా నిద్రపోయిన బండి. డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద చీటీ ఉంటుంది, ఏ నెలలో తయారైందో చూడు. టైరు పక్కన నాలుగంకెల గుర్తులో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. కదలకుండా నిలబడితే టైర్లు ఒకవైపు చదునై స్టీరింగ్ వణుకుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. బ్యాటరీ కొత్తది వెయ్యమని ధరలోనే రాయించు. మీటరు మీద ఎన్ని మైళ్లున్నాయో చూడు. రెండు మూడు వందలుంటే ఎవరెవరో తోలి చూపించిన బండి, దానికి తగ్గట్టు ధర తగ్గాలి. వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో కాగితం మీద చూపించమను. స్పేర్ టైరు ఉండదని కూడా తెలుసుకో. గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు అవి, మార్చాలంటే ఖరీదు.

దీన్ని ఆస్తి అనుకుని మాత్రం కొనకు. ఆఖరి సీ7 జూన్‌లో వేలంలో 27 లక్షల డాలర్లకు పోయిందని పంపావు కదా. అది దానధర్మానికి పెట్టిన వేలం, ఆ డబ్బు అమర సైనికుల, అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు వెళ్లింది. నీ బండి విలువ మొదటి రోజు నుంచీ తగ్గుతుంది. ఇండియాకి తీసుకెళ్లడం కూడా మనసులో పెట్టుకోకు. స్టీరింగ్ ఎడమవైపున్న బండిని మనవాళ్లు రానివ్వరు, కుడివైపున్నదైనా సుంకం బండి ధరను మించిపోతుంది. పదేళ్లు ఉంచుకుని తోలతానంటేనే ఈ లెక్క కుదురుతుంది. రెండేళ్లలో మార్చేసే ఉద్దేశముంటే ఇప్పుడు ఆగు. సీ8 రెండో ఏడాది బండో, మూడో ఏడాది బండో వచ్చాక తీసుకో, నేనే నీతో వస్తాను.

ఇంకో రకంగా కూడా నువ్వు ఆగొచ్చు. ట్రాక్ మీద తోలాలని, ఇంజిన్ వీపు వెనక మోగుతుంటే వినాలని, గేర్లు ఎవరు మార్చినా పర్వాలేదని నిజంగా అనిపిస్తే ఈ ఉత్తరమంతా పక్కన పెట్టేయ్. నాకు తెలిసినంతవరకు నువ్వు అలాంటివాడివి కాదు.

వచ్చే శనివారం నువ్వు చెప్పిన సిన్సినాటి డీలర్ దగ్గరికి ఉదయాన్నే వెళ్లు, క్యామ్రీలోనే. చెక్కుబుక్కు ఇంట్లో పెట్టు. ముందు హైవే మీద కాదు, సందుల్లో తోలు. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. గట్టి ఎత్తు దగ్గర ఆపి క్లచ్ మీద కదిలించు. సీట్లో గంటసేపు కూర్చో, నడుం ఏమంటుందో చూడు. వెనక డిక్కీ తీసి నీ సూట్‌కేసు పెట్టి చూడు, 15 ఘనపుటడుగుల చోటుంది, కొత్తదాంట్లో ముందూ వెనకా కలిపినా 12.6. తర్వాత వాళ్లిచ్చిన ధర కాగితం ఫోటో తీసి నాకు పంపు. నేను ఆరోజు ఇంట్లోనే ఉంటాను, ఫోన్ పక్కనే పెట్టుకుంటాను. అది చదివి నేను మళ్లీ ఫోన్ చేసేదాకా ఎక్కడా సంతకం పెట్టకు.

కొన్నాక మొదటి 500 మైళ్లు మెల్లగా తోలు, ఇంజిన్ సర్దుకోవాలి. ఆ మైళ్లు మా ఇంటి దారిలో తోలితే మీ అత్త దీపావళికి నీకోసం అరిసెలు దాచి ఉంచుతానంటోంది.

మీ మావయ్య