16 ఏళ్ల తమ్ముణ్ణి గ్యాంగు నుంచి బయటికి తేవడం గురించి

విజయవాడలో పదో తరగతి తప్పిన మీ తమ్ముడు ఒక ‘అన్న’ వెంట తిరుగుతున్నాడని, తిట్టినకొద్దీ ఇంటికి రావడం తగ్గించేశాడని రాశారు. ఇంట్లో చేతగానివాడన్న మాట పడుతున్న కుర్రవాడికి ఆ అన్న బండి తాళాలు చేతికిచ్చి, టిఫిన్ బిల్లు కట్టి, ‘నీకు నేనున్నాను’ అన్నప్పుడు దక్కే విలువే అతణ్ణి అక్కడ కట్టిపడేస్తోందని నా నమ్మకం. దయచేసి ముందు తిట్టడం ఆపండి. అందరి ఎదుటా తెగదెంపులు చేసుకొమ్మని ఒత్తిడి చేయకండి, అది ప్రమాదకరం. దానికి బదులు కొన్నాళ్లు వేరే ఊళ్లో బంధువుల ఇంట ఉంచి, ఎనిమిదో తరగతి అర్హత చాలిన ఐటీఐ వెల్డర్ ట్రేడ్‌లో చేర్పిస్తే, ఆ స్నేహాలు మెల్లగా పలచబడతాయి. బెదిరింపులు వస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దలకు 2015 నాటి బాల న్యాయ చట్టం 83వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, 5 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి.